చిన్న రికార్డు, పెద్ద రికార్డు, మా తోడల్లుడుగారు

మా తోడల్లుడుగారు ఏ పాటనూ ఒక్కసారి విని ఊరుకోరు. అదే పాటను రెండు వేర్వేరు రికార్డుల మీంచి రెండుసార్లు వినాలి, విన్నాక రెంటిలో ఏది మేలో తేల్చాలి. తేలేదాకా ఇంటికొచ్చినవాళ్ళకు టీ రాదు. ఆయనకున్నది ఈ ఒక్క జబ్బే. మిగతా విషయాల్లో దేవుడు ఆ మనిషిని తీరిగ్గా కూర్చుని, మంచి వెలుతురు చూసుకుని తయారుచేశాడని నా నమ్మకం.

ఆయనది కళ్ళజోళ్ళ షాపు. ఎదుటి మనిషి ముక్కుమీద పరీక్ష ఫ్రేము ఎక్కించి, ఒక అద్దం వేసి "ఇదా?" అని, అది తీసి మరొకటి వేసి "అదా?" అని అడగడం పగటిపూట పని. సాయంత్రం ఇంటికెళ్ళి చెవులతో అదే పని. అందుకని వీధంతా ఆయన్ను ఇదా-అదా గారంటుంది. ఆ సంగతి ఆయనకీ తెలుసు. "పేరు బాగానే కుదిరింది. కానీ అదా-ఇదా అని కూడా ఒకసారి పిలిచి చూడు, ఏది నోటికి బాగుంటుందో" అన్నారట, ఆ పేరు పెట్టిన పక్కషాపు దర్జీతో.

ఆయన ప్రాణం పాతకాలపు పాప్ పాటలు. ఆ రోజుల్లో ఒక పాట రెండు రూపాల్లో వచ్చేదట. ముందు సాసరంత చిన్న రికార్డు, అటొక పాట ఇటొక పాట. దాన్ని సింగిల్ అంటారు. అందులో గొంతులూ గిటార్లూ డ్రమ్ములూ అన్నీ కలిసి ఒకేచోటి నుంచి వస్తాయి. అది మోనో. ఆ తర్వాత పళ్ళెమంత పెద్ద రికార్డు, ఆల్బం. అందులోకి అదే పాటను మరోరోజు, ఒక్కోసారి మరో మనిషి చేత, మళ్ళీ కొత్తగా కలిపించేవారు. గొంతు ఎడమ స్పీకర్లోకి, డ్రమ్ములు కుడి స్పీకర్లోకి. అది స్టీరియో. అందువల్ల ఒకదాంట్లో ఉన్న చప్పట్లు రెండోదాంట్లో ఉండవు. ఒకదాంట్లో వినిపించే దగ్గు రెండోదాంట్లో నయమైపోతుంది.

"నాకు సరిగ్గా ఎక్కలేదన్నయ్యా" అన్నాను మొదట్లో.

"మోనో అంటే ఉమ్మడి కాపురం తమ్ముడూ. అందరూ ఒకే గదిలో ఒకేసారి మాట్లాడతారు. ఎవరేమన్నారో తెలీదు గానీ ఇల్లు నిండుగా ఉంటుంది. స్టీరియో అంటే వేరుపడ్డ కాపురం. గొంతు ఆ వాటాలో, డ్రమ్ములు ఈ వాటాలో, మధ్యలో వసారా ఖాళీ."

వంటింట్లోంచి మా వదిన అందుకుంది. "ఓహో! ఉమ్మడి కాపురంలో నేను మొత్తుకున్నది మీకు ఒక్క ముక్కా వినపడకపోవడానికి అదన్నమాట కారణం!"

నాకు పెళ్ళైన కొత్తలో వాళ్ళింటికి మొదటిసారి భోజనానికి వెళ్ళాం. గుమ్మంలో చెప్పులు విప్పానో లేదో, చెయ్యి పట్టుకుని లాక్కెళ్ళి ముందుగదిలో చెక్క కుర్చీలో కూర్చోబెట్టారు. ఎదురుగా రెండు స్పీకర్లు. కుర్చీకాళ్ళ దగ్గర నేలమీద సుద్దగీతలు.

"కదలకు. గడ్డం కాస్త ఎత్తు. ఆఁ, అక్కడ."

ఫొటో తీస్తారేమోనని నేను నవ్వుముఖం పెట్టాను. పాట మొదలై, అయిపోయింది.

"ఏం వినిపించింది?"

"పాట చాలా బాగుందన్నయ్యా."

"పాట సంగతి ఎవడికి కావాలయ్యా! రెండో చరణానికి ముందు ఏం వినిపించింది?"

"ఏమీ లేదే."

"ఉండదు! అది ఆల్బం. ఇప్పుడిది విను." చిన్న రికార్డు మీద ముల్లు పెట్టారు. మా పల్లెటూరి బడిలో ప్రార్థనకు నిలబడ్డప్పుడు కూడా నేనంత భక్తిగా ఊపిరి బిగబట్టలేదు.

"ఎవరో... కుర్చీ జరిపినట్టుగా..." అన్నాను భయంభయంగా.

ఆయన నన్ను అమాంతం కౌగిలించుకున్నారు. "కుర్చీయే! డ్రమ్ములు వాయించే కుర్రాడిది! ఇన్నాళ్ళూ ఈ ఇంట్లో ఒక్కరికి వినపడితే ఒట్టు. ఏమేవ్, మీ చెల్లెలి మొగుడికి చెవులున్నాయి!"

వడ్డించేటప్పుడు వదిన నా పక్కకు వంగి గుసగుసలాడింది. "మరిదీ, ఆ చప్పుడు నేను వంటింట్లో స్టూలు జరిపింది. చెప్పకు. ఈ పూటకి సంతోషంగా ఉన్నారు పాపం." ఆవిడ మంచితనం అలాంటిది. మొగుణ్ణి తను ఎన్నైనా అంటుంది, ఆయన సంతోషం మీద ఈగ వాలనివ్వదు.

అయినా ఆవిడ బాధ ఆవిడది. ఊడుస్తూ ఊడుస్తూ ఆ కుర్చీని వేలెడు జరిపితే ఆయనకు వీధి మలుపులోనే తెలిసిపోతుంది. "నడుముదాకా ఉన్న జుట్టు భుజాలదాకా కత్తిరించుకొచ్చి ఎదురుగా నిలబడ్డాను. 'ఏమైనా తేడా కనిపించిందా' అని అడిగాను. 'ఆఁ, కుడి స్పీకరు కాస్త మందగించింది' అన్నారు" అని మా ఆవిడతో చెప్పుకుని నవ్వింది.

షాపులోనూ ఇదే వరస. పక్కషాపు దర్జీ రేడియోలో పాతపాటలు పెడుతుంటాడు. అతను మంచివాడు. మా అన్నయ్యగారి షాపులోకి ఎవరైనా వెళ్ళడం చూస్తే, పరీక్ష ముగిసేదాకా రేడియో కట్టేస్తాడు. ఒకరోజు మరిచిపోయాడు. ఇక్కడ ఒక పెద్దమనిషికి ఒక కంటికి నల్లబిళ్ళ, రెండో కంటికి మందపాటి అద్దం వేసి ఉండగా అక్కడ పాట మొదలైంది. మా అన్నయ్యగారు ఒక్క గెంతులో దర్జీ షాపులో ఉన్నారు.

"ఇది సింగిలే! చప్పట్లు విన్నావా? ఆల్బంలో ఉండవివి!"

"అయ్యా, మీ షాపులో ఎవరో మనిషున్నారు."

"మనిషి ఎక్కడికి పోతాడు? ఈ చప్పట్లే, ఇప్పుడు పోతే మళ్ళీ దొరకవు!"

కాసేపటికి ఆ పెద్దమనిషి గోడలు తడుముకుంటూ వచ్చి, దర్జీ కోటు తొడిగి నిలబెట్టిన బొమ్మతో, "ఏమండీ, ఇంకా ఎంతసేపు పడుతుంది?" అన్నాడు. బొమ్మ పలకకపోయేసరికి కోపమొచ్చి, "పిలిచి కూర్చోబెట్టడమెందుకు మరి?" అని దాన్నే నిలదీశాడు. దర్జీ ఆయన్ను మెల్లగా చెయ్యిపట్టి తీసుకెళ్ళి, కుర్చీలో కూర్చోబెట్టి, మంచినీళ్ళిచ్చి వచ్చాడు.

ఇంకో విడ్డూరం. చత్వారం వచ్చినవాళ్ళకు దగ్గరి చూపు పరీక్ష చెయ్యడానికి అన్నిచోట్లా సన్న అక్షరాల అట్టముక్క ఇస్తారు. ఈయన మాత్రం ఒక ఆల్బం అట్ట ఇచ్చేవారు. వెనకవైపు అందులోని పాటల పేర్లు వరసగా, సన్నగా అచ్చయి ఉంటాయి. "చదవండి. పైనుంచి కాదు, ఇదిగో ఈ వరుస. గట్టిగా." వచ్చిన ప్రతి ముసలాయనా, ముసలమ్మా ఆ వరుస గట్టిగా చదవాల్సిందే. "పిచ్చి షాపుదాకా వచ్చేసింది, ఇక కంటి డాక్టరుకు చూపించి లాభం లేదు" అని మా బావమరిది తేల్చేశాడు.

బావమరిది వకీలు. మా అత్తగారు వాళ్ళింట్లోనే ఉంటుంది. ఇక అత్తగారి సంగతి చెప్పాలి.

ఆవిడ పెళ్ళికి ముందు పాటలు రికార్డు చేసే స్టూడియోలో టైపిస్టు. ఒకసారి నలుగురు కుర్రాళ్ళ బృందమొకటి పాట రికార్డు చేస్తోందట. స్టేషన్లో ఒక అబ్బాయి రైలు కోసం ఎదురుచూసే పాట. చివర్లో వాళ్ళతో గొంతు కలపాల్సిన అమ్మాయికి జ్వరమొచ్చింది. మేనేజరు తలుపు తీసి, "టైపు తర్వాత కొట్టుకోవచ్చు, ఇలా రా" అని ఈవిణ్ణి మైకు ముందు నిలబెట్టాడట. "చివర్లో గిటారు ఆగుతుంది చూడండి, అప్పుడు వాళ్ళతో పాటు 'ఓహో' అని ఒక ఆడగొంతు వస్తుంది. అది నాదే" అని ఆవిడ చెప్పేది. పిల్లల్ని కన్నాననడానికి కూడా అంత మురిసిపోవడం నేను చూడలేదు.

చిక్కల్లా, ఇంట్లో ఉన్న ఆల్బంలో ఆ పాట చివర ఆడగొంతన్నది లేదు. నలుగురు మగపిల్లలు 'ఓహో' అంటారు, పాట అయిపోతుంది.

ఇక బావమరిది ఊరుకుంటాడా! అందరం భోజనాలకు కూర్చున్నప్పుడల్లా విచారణే.

"అమ్మా, నిజం చెప్పు. పాడావా, పాడేవాళ్ళకు టీ పట్టుకెళ్ళావా?"

"పాడానురా."

"సాక్షి?"

"మేనేజరు."

"పోయాడు. వేరే సాక్షి?"

"వెధవా, నేను లేనూ?"

"ముద్దాయి సాక్ష్యం చెల్లదమ్మా."

అందరం నవ్వేవాళ్ళం, ఆవిడా నవ్వేది. అతను తల్లిని ప్రేమించడంలో ఎవరికీ తీసిపోడు. వెక్కిరింతే అతని ముద్దు. కానీ క్రమంగా ఆవిడ ఆ కథ చెప్పడం తగ్గించింది. ఒక మధ్యాహ్నం మేం వెళ్ళేసరికి బీరువా తాళంచెవి కోసం ఇల్లంతా వెతుకుతోంది. అది ఆవిడ చేతిలోనే ఉంది. చేతిలోకి చూసుకుని, కుర్చీలో కూలబడి, మా ఇద్దరల్లుళ్ళ వంకా చూసి అంది.

"అల్లుడుగారూ, నేను అబద్ధం చెప్పే మనిషిని కాదు. కానీ ఒకటే మాట ఏళ్ళకొద్దీ చెబుతూపోతే, జరిగిందే చెబుతున్నానో, చెప్పి చెప్పి జరిగినట్టు అనిపిస్తోందో తెలీకుండా పోయింది. చేతిలో తాళంచెవే తెలీడం లేదు. ఎప్పుడో పాడిన పాట గుర్తుందంటే, నామాట నేనే నమ్మలేకపోతున్నాను."

నాకు గుండె కలుక్కుమంది. మా అన్నయ్యగారు మాత్రం ఎప్పటి పాటే పాడారు. "అత్తయ్యగారూ, మీరు చెప్పేది సింగిల్ సంగతి. ఇంట్లో ఉన్నది ఆల్బం. రెండూ వేరు."

ఆ మాట ఆయన లోకంలోని ప్రతి పాట గురించీ అంటారు కాబట్టి మేమెవరం పట్టించుకోలేదు. అత్తగారైతే, "మీ ధోరణి మీదే నాయనా" అని నవ్వి లేచిపోయింది.

ఆ తర్వాత చాలా కాలానికి, ఒకరోజు నేను వాళ్ళ వీధిలోకి వెళ్తుంటే ఒక వింత ఎదురైంది. మా అన్నయ్యగారు ఒక ముసలాయన చెయ్యి పట్టుకుని పరుగులాంటి నడక నడుస్తున్నారు. ముసలాయన ముక్కుమీద పరీక్ష ఫ్రేము అలాగే ఉంది, ఒకవైపు అద్దంతో, రెండోవైపు బోసిగా. దర్జీ వాళ్ళ వెనకాల పరుగెడుతూ, "అయ్యా, షాపు తాళం!" అని అరుస్తున్నాడు.

"నువ్వే వెయ్యి!" అని ఈయన వెనక్కి చూడకుండా కేకేశారు.

ముసలాయన నన్ను చూసి, "బాబూ, మీరీయనకు తెలిసినవారా? కళ్ళు చూపించుకోవడానికి వచ్చానండీ. అట్ట ఇచ్చి చదవమన్నారు, చదివాను. 'ఈ పాట మా హోటల్లో తెగ మోగేదండీ, చిన్న రికార్డు ఇంకా ఇంట్లో ఉంది' అన్నాను. అంతే, నన్ను లాక్కుపోతున్నారు. నేనేమైనా తప్పన్నానా?" అన్నాడు.

అప్పుడు వెలిగింది నాకు. ఆ ఆల్బం మా అత్తగారి స్టేషన్ పాట ఉన్న ఆల్బం. అందరిచేతా గట్టిగా చదివించిన ఆ వరుస ఆ పాట పేరు. ఆ వయసువాళ్ళలో, ఎవరి అటకమీదో, ఎవరి పెట్టె అడుగునో ఆ చిన్న రికార్డు ఉండకపోతుందా అని ఈయన కళ్ళజోడు కోసం వచ్చిన ప్రతి మనిషినీ వాకబు చేస్తున్నారన్నమాట. నోరు విప్పి అడిగితే ఊళ్ళో మాట అత్తగారి దాకా వెళ్తుంది. దొరక్కపోతే ఆవిడ మనసు ఇంకోసారి విరుగుతుంది. అందుకని పిచ్చిని అడ్డం పెట్టుకున్నారు. ఆయన పిచ్చిని ఎవరూ ప్రశ్నించరు కదా!

హోటలాయన రికార్డు ఇచ్చేశాడు. "నాణెం వేస్తే పాడే పెట్టె పోయింది, హోటలూ పోయింది. పాట మాత్రం నాదగ్గరుండి ఏం చేస్తుంది, తీసుకెళ్ళండి" అన్నాడు. అన్నయ్యగారు మళ్ళీ ఆయన్ను షాపుకు నడిపించి, రెండోకంటి అద్దం తేల్చి, ఇంటిదాకా దిగబెట్టి మరీ వచ్చారు.

మర్నాడు పొద్దున నేను ప్రార్థన ముగించుకుని లేస్తుంటే గుమ్మంలో నిలబడి ఉన్నారు. ముఖం వాడిపోయి ఉంది.

"విన్నాను తమ్ముడూ."

"లేదా?"

"ఉంది. ఉండటమే చిక్కయింది. ఆవిడ ముందే అందుకుంది. గిటారు ఆగింది, ఇంకా వాళ్ళు ఊపిరి తీసుకుంటుండగానే ఈవిడ 'ఓ' అనేసింది. ఒంటరిగా. ఆ తర్వాత వాళ్ళు కలిశారు. హడావుడిలో సింగిల్ అలాగే పంపేశారు. ఆల్బం కలిపేటప్పుడు ఎవడో తప్పు పట్టుకుని ఆ గొంతు మొత్తం తీసిపారేశాడు." గుమ్మంమీదే కూర్చున్నారు. "వినిపించాలా? 'నీ పాట ఉందమ్మా, తప్పు పాడావు కాబట్టి తీసేశారు' అని ఆ వయసులో ఆవిడకు చెప్పాలా?"

ఎక్కడో డ్రమ్ముల కుర్రాడి కుర్చీ కిర్రుమంటే పదిమందిని పిలిచి వినిపించే మనిషి, ఒక తేడాను దాచిపెట్టాలా అని నన్ను అడుగుతున్నాడు!

"అన్నయ్యా, బాగా పాడానని ఆవిడ ఎన్నడైనా అందా?" అన్నాను. "పాడాననే కదా అంది."

ఆయన దిగ్గున లేచి, చెప్పులు మరిచిపోయి వెళ్ళిపోయారు.

ఆదివారం అందరం వాళ్ళింట్లో చేరాం. అత్తగారికి ఏమీ చెప్పలేదు. ఆయన ఆవిణ్ణి కుర్చీ గురించి వేధించలేదు. "మోనోకి ఎక్కడ కూర్చున్నా ఒకటే, మీకు నడుముకు సుఖంగా ఉన్నచోట కూర్చోండి అత్తయ్యగారూ" అన్నారు. ఆవిడ కిటికీ పక్కన కూర్చుంది. ఆయన ముల్లు పెట్టారు.

పాట సాగింది. స్టేషనూ, రైలూ, రాని అమ్మాయీ. చివర్లో గిటారు టక్కున ఆగింది. ఆ నిశ్శబ్దంలో, ఎవరికంటే ముందుగా, ఒక లేత ఆడగొంతు ధైర్యంగా "ఓ..." అంది. రెప్పపాటు ఒంటరిగా నిలిచింది. ఆ వెనక నలుగురు మగపిల్లలు దబదబా వచ్చి కలిశారు.

అత్తగారి చెయ్యి నోటిమీదికి వెళ్ళింది. వదినా మా ఆవిడా ఒకళ్ళ చెయ్యి ఒకళ్ళు పట్టుకున్నారు.

ముందుగా లేచింది బావమరిదే. "అమ్మా! ఇది నువ్వే! వేళకు వచ్చుంటే ఆ నలుగురి అరుపులో మునిగిపోయేదానివి, ఏ కోర్టూ నమ్మేది కాదు. ముందొచ్చావు కాబట్టి దొరికిపోయావు! ఇంతకంటే సాక్ష్యం ఎక్కడుంది? బావగారూ, నేను కేసు ఓడిపోయాను!" అని తల్లి కాళ్ళ దగ్గర నేలమీద కూర్చుని, ఆవిడ ఒళ్ళో తల పెట్టేశాడు.

ఆవిడ వాడి తలమీద ఒక మొట్టికాయ వేసి, తర్వాత నిమిరింది. కళ్ళు తుడుచుకుని పెద్దల్లుడి వైపు తిరిగింది. "నిజం చెప్పండి నాయనా. మీ చెవికి ఇవన్నీ తెలుస్తాయి. నేను ముందే అందుకున్నాను కదూ? అందుకే తీసేశారు కదూ?"

ఆయన కళ్ళజోడు తీసి, చొక్కా అంచుతో తుడిచి, మళ్ళీ పెట్టుకున్నారు.

"లేదత్తయ్యగారూ. చాలా జాగ్రత్తగా విన్నాను. మీరు వేళకే వచ్చారు. ఆ నలుగురే ఆలస్యంగా వచ్చారు."

"అంతేనంటారా?"

"అంతే. మోనోలో చాలా స్పష్టంగా ఉంది."

ఆవిడ గంభీరంగా తల ఊపింది. "అవును, ఆ కుర్రాళ్ళు మొదట్నుంచీ బద్ధకస్తులే. నాకు గుర్తుంది" అంది. ఆ 'గుర్తుంది' అన్నప్పుడు ఆవిడ గొంతులో ఎక్కడా అనుమానం లేదు.

"మళ్ళీ వెయ్యండి" అంది.

వేశారు. మాకందరికీ పాట పట్టుబడింది. ఆవిడ కిటికీ పక్కన నిటారుగా కూర్చుని, గిటారు ఆగిందో లేదో, సరిగ్గా ఆ రోజు అందుకున్నచోటే "ఓ..." అని అందుకుంది. మా అన్నయ్యగారు చెయ్యెత్తి మాకందరికీ సైగ చేశారు. బావమరిదీ, అక్కచెల్లెళ్ళిద్దరూ, నేనూ, మా తోడల్లుడుగారూ, అందరం ఆవిడతో పాటే ఒక్క గొంతుగా అందుకున్నాం. పాపం, రికార్డే వెనకబడింది.